పూల్ క్యూ టిప్: ఎంచుకోవడం, అతికించడం, వంపు తీర్చడం

పూల్ ఆడే కర్ర, అంటే క్యూ, ఎంత ఖరీదైనదైనా తెల్ల బంతిని తాకేది దాని కొసనున్న చిన్న తోలు ముక్క, అంటే టిప్, ఒక్కటే. ఆ తాకిడి కూడా దాదాపు సెకనులో వెయ్యో వంతు సేపే ఉంటుంది. బంతికి వెళ్లాల్సిన వేగం, స్పిన్ అన్నీ ఆ కాస్త సమయంలోనే వెళ్లిపోవాలి. అందుకే ఆటగాళ్లు టిప్ గురించి అంత మాట్లాడుకుంటారు. కాకపోతే ఆ మాటల్లో ముప్పాతిక వంతు ఏ కంపెనీ టిప్ మంచిదన్న దాని మీదే నడుస్తుంది. నన్నడిగితే కంపెనీ పేరు కన్నా టిప్ వంపు ముఖ్యం. మామూలు టిప్‌కి సరైన వంపు ఉంటే పని జరుగుతుంది. ఎంత పేరున్న టిప్ అయినా బల్లపరుపుగా అరిగిపోతే మిస్‌క్యూలు, అంటే టిప్ బంతి మీద జారిపోవడాలు, తప్పవు. అందుకే ఇక్కడ ఎంపిక గురించి కొంత, వంపు గురించి ఎక్కువ చెబుతాను.

ఏ టిప్ కొనాలి

తోలు టిప్‌లు రెండు రకాలు. ఒకటి, ఒకే తోలు ముక్కను నొక్కి చేసినది. అమెరికాలోని ట్వీటెన్ కంపెనీ టిప్‌లు ఎల్క్ మాస్టర్, లె ప్రో, ట్రయాంగిల్ ఈ రకమే. వీటిలో నీలంగా ఉండే ఎల్క్ మాస్టర్ మెత్తనిది, మిగతా రెండూ గట్టివి. చవగ్గా దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. చిక్కల్లా ఒకే పెట్టెలో రెండు టిప్‌లు ఒకేలా ఉండకపోవడమే. తోలు సహజమైన వస్తువు కాబట్టి ఒకటి మెత్తగా, పక్కది గట్టిగా ఉంటుంది. పెట్టెడు కొనేవాళ్లు ఒక్కోదాన్నీ గట్టి బల్ల మీద పడేసి చప్పుడు వింటారు. టక్కుమని మోగేవి ఒక కుప్ప, మెత్తగా పడేవి ఒక కుప్ప. వినడానికి చాదస్తంలా ఉన్నా పనికొచ్చే పద్ధతే.

రెండోది పొరల టిప్. పలుచని తోలు పొరలను, ఎక్కువగా పంది తోలును, ఒకదాని మీద ఒకటి అతికించి చేస్తారు. జపాన్ నుంచి వచ్చే మూరి, కముయి టిప్‌లు ఇందులో పేరున్నవి. ధర ఒంటి తోలు టిప్‌కి ఎన్నో రెట్లు. దానికి బదులుగా ఒక టిప్‌కీ మరో టిప్‌కీ తేడా తక్కువగా ఉంటుంది, పక్కలు అంత తొందరగా ఉబ్బవు. కొత్త టిప్ వేసిన ప్రతిసారీ చేతికి కొత్తగా అనిపించకూడదు అనుకునేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం తొందర లేదు. ముందు చవక టిప్ మీద అతికించడం, చెక్కడం చేయి తిరిగేదాకా నేర్చుకోండి.

ఈ రెండింటికీ మధ్య ఆటగాళ్లు తమ చేత్తో చేసుకునే రకం ఒకటుంది. ఎల్క్ మాస్టర్ టిప్‌ను పాలలో నానబెట్టి, వైస్‌లో బిగించి, ఆరాక వాడతారు. దాన్నే మిల్క్ డడ్ అంటారు. మెత్తని టిప్ కాస్త గట్టిపడి, ఆకారం నిలుపుకుంటుంది. ఓపిక ఉంటే చేసి చూడండి.

ఇక మెత్తదనం సంగతి. మెత్తని టిప్‌తో స్పిన్ ఎక్కువొస్తుందన్న నమ్మకం చాలామందిలో పాతుకుపోయింది. స్పిన్ ఎంత రావాలన్నది బంతిని మధ్య నుంచి ఎంత పక్కన తాకారన్న దాని మీద, అక్కడ టిప్ జారకుండా పట్టుకుందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. మెత్తని టిప్ చాక్‌ను, అంటే జారకుండా టిప్‌కి పూసే గరుకు పొడిని, బాగా పట్టుకుంటుంది కాబట్టి జారడం తగ్గుతుంది, అంతే. గట్టి టిప్‌కి కూడా చాక్ సరిగా పూసుకుంటే అదే స్పిన్ వస్తుంది. అసలు తేడాలు వేరు. మెత్తనిది దెబ్బలో కొంత శక్తిని తాను మింగేస్తుంది, త్వరగా నలిగి పక్కలకు ఉబ్బుతుంది, మాటిమాటికీ సరిచేయాలి. గట్టిది ఆకారం నిలుపుకుంటుంది, బంతికి కొంచెం ఎక్కువ వేగం ఇస్తుంది. కానీ పైభాగం నున్నగా మెరుపెక్కి చాక్ నిలవనివ్వదు. మొదటిసారి కొంటుంటే మీడియం తీసుకోండి. ఒక కంపెనీ మీడియం అన్నది ఇంకో కంపెనీకి హార్డ్ కావచ్చు, ఎందుకంటే అందరికీ ఒకే కొలమానం లేదు. కాబట్టి ఒక కంపెనీ టిప్ నచ్చితే అదే కంపెనీలో మెత్తనిదో గట్టిదో మార్చి చూసుకోవడం మేలు.

బ్రేక్ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టే దెబ్బ) కొట్టడానికి విడిగా క్యూ ఉన్నవాళ్లు దానికి బాగా గట్టి టిప్ వేసుకుంటారు. బ్రేక్‌కీ, తెల్ల బంతిని ఎగిరించే జంప్‌కీ ఫెనోలిక్ అనే రాయిలాంటి టిప్‌లు కూడా ఉన్నాయి. ప్రపంచ పూల్ సంఘం డబ్ల్యూపీఏ కొలతల ప్రకారం టిప్ ప్రత్యేకంగా తయారుచేసిన తోలుతో గానీ, పీచు గుణమో వంగే గుణమో ఉన్న వేరే పదార్థంతో గానీ ఉండాలి. వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫెనోలిక్ విషయంలో ఒక్కో పోటీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆడే ముందు నిర్వాహకులను అడగండి.

సైజు విషయానికొస్తే, ఎప్పుడూ షాఫ్ట్ (క్యూ ముందువైపు సన్నని భాగం) కొస కన్నా కాస్త పెద్ద టిప్ కొనాలి. పూల్ షాఫ్ట్ సాధారణంగా 12 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి 14 మిల్లీమీటర్ల టిప్ సరిపోతుంది. మిగిలిన అంచును తర్వాత కోసేస్తాం. సరిగ్గా అంతే సైజు టిప్ కొంటే అతికించేటప్పుడు వెంట్రుకంత పక్కకు జరిగినా ఒకవైపు ఫెర్రూల్, అంటే షాఫ్ట్ కొసనుండే తొడుగు, బయటపడుతుంది. దానికి మందు లేదు.

వంపు ఎంత ఉండాలి

టిప్ వంపును ఆటగాళ్లు రెండు అమెరికన్ నాణేలతో కొలుస్తారు: నికెల్, డైమ్. నాణెం అంచును టిప్ పక్కన నిలబెట్టినప్పుడు రెండు వంపులూ కలవాలని అర్థం. నికెల్ వ్యాసం 21.21 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం సుమారు 10.6. డైమ్ వ్యాసం 17.91, వ్యాసార్ధం దాదాపు 9. నాణేలు మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, ఈ అంకెలు చాలు.

ఇవే ఎందుకో చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. మధ్య నుంచి వ్యాసార్ధంలో సగం, అంటే సుమారు 14 మిల్లీమీటర్ల దూరం దాకా తాకితే టిప్ పట్టుకుంటుంది. అది దాటితే మిస్‌క్యూ. ఆ చివరి చోట బంతి ఉపరితలం 30 డిగ్రీలు వాలి ఉంటుంది. టిప్ కూడా తన మీద సరిగ్గా 30 డిగ్రీలు వాలిన చోటే బంతిని తాకుతుంది. ఆ చోటు షాఫ్ట్ మధ్యగీత నుంచి టిప్ వ్యాసార్ధంలో సగం దూరంలో వస్తుంది. నికెల్ వంపుకి 5.3 మిల్లీమీటర్లు, డైమ్ వంపుకి సుమారు 4.5.

ఇప్పుడు 13 మిల్లీమీటర్ల షాఫ్ట్ తీసుకోండి. మధ్య నుంచి అంచుకి 6.5 ఉంది. రెండు వంపులకీ తాకే చోటు టిప్ లోపలే పడింది, అంచుకి ఇంకా చోటుంది. అదే టిప్ అరిగి, వంపు వ్యాసార్ధం 15 అయిందనుకోండి. తాకాల్సిన చోటు 7.5 దగ్గర ఉండాలి, అక్కడ టిప్ లేదు! బంతికి తగిలేది టిప్ అంచు. చాక్ సరిగా అంటని, పట్టు లేని భాగం అదే. గట్టిగా డ్రా (తెల్ల బంతి వెనక్కి వచ్చేలా దాని కిందిభాగాన కొట్టే దెబ్బ) కొట్టినప్పుడల్లా క్యూ జారిపోతోంటే చేతిని తిట్టుకునే ముందు టిప్‌ని పక్క నుంచి ఒకసారి చూడండి.

దీన్నిబట్టి గుర్తుంచుకోవాల్సినది ఒకటే: వంపు వ్యాసార్ధం షాఫ్ట్ వెడల్పు కన్నా తక్కువగా ఉండాలి. కాస్త తక్కువగా ఉంటే చాలదు, రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే నిశ్చింత. 13 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి నికెల్ చక్కగా సరిపోతుంది. 12కి దిగితే నికెల్‌తో అంచుకి మిగిలేది ముప్పావు మిల్లీమీటరు కన్నా తక్కువే, అక్కడ డైమ్ వైపు మొగ్గడం మంచిది. స్నూకర్ క్యూలు 9, 10 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి వాటి టిప్‌లు బాగా గుండ్రంగా ఉండటంలో వింత లేదు.

మరి అన్నిటికీ డైమే పెట్టేస్తే పోదా? డైమ్ వంపుతో స్పిన్ ఎక్కువ వస్తుందని కొందరు అంటారు. లెక్క చూస్తే, అదే స్పిన్ కోసం షాఫ్ట్‌ను పక్కకు జరపాల్సిన దూరంలో నికెల్‌కీ డైమ్‌కీ తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. గుండ్రనిదానికి కాస్త తక్కువ జరిపితే సరిపోతుంది, అంతకు మించి మహిమేమీ లేదు. ఖర్చు మాత్రం ఉంది. 13 మిల్లీమీటర్ల టిప్ మీద నికెల్ వంపు తీస్తే మధ్యభాగం అంచు కన్నా 2.2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, డైమ్ తీస్తే 2.8. ఆ మేరకు పక్కల తోలు ముందే చెక్కేసినట్టే. అందుకే 13 షాఫ్ట్‌కి నేను నికెలే పెడతాను.

వంపు చూసుకోవడానికి ఒక గేజ్ తయారు చేసుకోండి. గట్టి అట్ట మీద కంపాస్‌తో 10.6 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, డైమ్ కావాలంటే 9తో, వృత్తం గీసి దాని సగాన్ని శుభ్రంగా కోసి తీసేయండి. మిగిలిన గుంట టిప్ మీద ఆనాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ సందు ఉందో కనిపిస్తుంది.

పాత టిప్ తీయడం, కొత్తది అతికించడం

కావలసినవి: పదునైన బ్లేడు, 100 నుంచి 400 నంబర్ల దాకా సాండ్‌పేపర్, మాస్కింగ్ టేప్, చదునైన గాజు పలక లేదా టైల్ ముక్క, సూపర్ గ్లూ జెల్.

ముందుగా ఫెర్రూల్ చుట్టూ టేప్ రెండు చుట్లు వేయండి. టేప్ పై అంచు ఫెర్రూల్ పై అంచుతో సమంగా ఉండాలి. మొత్తం పనిలో ఫెర్రూల్‌ని గీతలు పడకుండా, సన్నబడకుండా కాపాడేది ఇదే. బ్లేడుతో పాత టిప్‌ను పొరలు పొరలుగా కోసి తీయండి. ఒక్కసారిగా పెకలించబోతే ఫెర్రూల్ అంచు పగులుతుంది. చివరి పలుచని పొర, పాత జిగురు మాత్రం సాండ్‌పేపర్‌కి వదిలేయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సినది ఫెర్రూల్ పైభాగాన్ని చదును చేయడం. గాజు పలక మీద 220 సాండ్‌పేపర్ అతికించి, షాఫ్ట్‌ను దానికి నిట్టనిలువుగా పట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి. చేయి వాలితే పైభాగం ఏటవాలుగా అరుగుతుంది. అందుకని షాఫ్ట్ పట్టేంత రంధ్రం నిలువుగా వేసిన చెక్క దిమ్మె ఉంటే ఎంతో సుఖం. నాలుగైదు చుట్లకోసారి ఆపి, బ్లేడు వీపును పైభాగం మీద అడ్డంగా ఆనించి వెలుతురులో చూడండి. కింద నుంచి వెలుగు రాకపోతే చదునైనట్టు. కొత్త జిగురు పట్టేంత గరుకు వస్తే చాలు, ఫెర్రూల్‌ని పొట్టి చేయొద్దు. షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌దైతే రుద్దడం ఇంకా తక్కువ ఉండాలి. ఆ పొడి పీల్చడం మంచిది కాదు, మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

టిప్ అడుగుభాగాన్ని కూడా అదే పలక మీద 150 పేపర్‌తో చదునుగా, గరుకుగా చేయండి. పొరల టిప్‌లలో కొన్నిటికి అడుగున ఫైబర్ పలక ముందే అంటించి ఉంటుంది. దాన్ని తేలిగ్గా గరుకు చేస్తే చాలు. తర్వాత రెండు వైపులా పొడి పోయేలా శుభ్రంగా తుడవాలి. టిప్ ఊడిపోవడానికి సగం కారణం ఆ పొడే.

జిగురు ఫెర్రూల్ మధ్యలో ఒక్క చుక్క వేసి, పలుచగా పరిచి, టిప్ పెట్టి వెంటనే సరిగ్గా మధ్యకి జరపాలి. సూపర్ గ్లూ మీకు పది సెకన్లకు మించి టైమ్ ఇవ్వదు, కాబట్టి ముందే జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూసుకోండి. నీళ్లలా ఉండే గ్లూ కన్నా జెల్ మేలు. పలుచనిది మెత్తని తోలులోకి ఇంకి అడుగును రాయిలా చేస్తుంది. ఆ తర్వాత షాఫ్ట్‌ను తలకిందులు చేసి, టిప్‌ను చదునైన దాని మీద ఆనించి, ఒక నిమిషం కదలకుండా గట్టిగా నొక్కండి. గ్లూ డబ్బా మీద ఏం రాసినా అరగంట ముట్టుకోవద్దు. రాత్రి అతికించి పొద్దున చెక్కడం ఇంకా మంచిది.

పక్కలు కోయడం

షాఫ్ట్‌ను తలకిందులుగా, టిప్ ఒక చెక్క పలక మీద ఆనేలా నిలబెట్టండి. బ్లేడు ఫెర్రూల్ వైపు నుంచి కిందికి, పలక వైపుకి దిగాలి. ఒక్కో కోతకీ కొంచెం కొంచెంగా షాఫ్ట్ తిప్పుతూ బయటికొచ్చిన తోలు అంచును తీసేయండి. కొత్త బ్లేడే వాడండి. మొద్దు బ్లేడు తోలును కోయదు, లాగుతుంది. దాంతో పొరలు విడిపోతాయి. టేప్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆపి, మిగతాది 220, తర్వాత 400 పేపర్‌తో ఫెర్రూల్ అంచుకి సమం చేయాలి.

ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది, పక్కలకు మెరుగు పెట్టడం. టిప్ పక్కన వేలితో కాస్త తడి చేసి, తోలు ముక్కతో గానీ గట్టి కాగితంతో గానీ చుట్టి పట్టుకుని, షాఫ్ట్‌ను వేగంగా తిప్పుతూ వేడి పుట్టేదాకా రుద్దండి. పక్కలు గట్టిపడి నున్నగా మెరుస్తాయి. అలా గట్టిపడిన గోడ టిప్‌ను పుట్టగొడుగులా విచ్చుకోకుండా ఆపుతుంది. పైభాగానికి మాత్రం తడి తగలనివ్వకండి.

వంపు తీర్చడం

షేపర్, అంటే టిప్‌ను గుండ్రంగా చెక్కే గుంట ఉన్న పనిముట్టు, కొంటే దాని గుంట నికెలా డైమా అని చూసి కొనండి. లేకపోతే మొదటి విడత 100 లేదా 120 నంబరు సాండ్‌పేపర్‌ను బొటనవేలికి చుట్టుకునీ చేయవచ్చు, కాస్త ఎక్కువ సేపు పడుతుంది. చవక షేపర్ గుంటలో ఇసుక పూత మొద్దుబారితే అది చెక్కదు, రుద్ది తోలును మెరిపిస్తుంది. అప్పుడు దాని లోపల కొత్త సాండ్‌పేపర్ ముక్క పెట్టుకుని వాడండి.

క్యూను టిప్ పైకి వచ్చేలా పట్టుకోండి. అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకి రండి, షాఫ్ట్‌ను ఆపకుండా తిప్పుతుండండి. ఎక్కువమంది షేపర్‌ను నెత్తిమీద పెట్టి గట్టిగా నొక్కి గిరగిరా తిప్పుతారు. దాంతో తోలు చిరిగి పీచులు లేస్తాయి, పొరల టిప్ అయితే పొరలే కదులుతాయి. బరువు వేయకుండా చేయడమే దగ్గరి దారి. ప్రతి పదిహేను ఇరవై తిప్పులకీ ఆపి గేజ్ పెట్టండి. ఒకవైపు నుంచి చూసి సరిపోయిందనుకోవద్దు, షాఫ్ట్‌ను పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. శిఖరం షాఫ్ట్ మధ్యగీత మీదే ఉండాలి. అది పక్కకు ఒరిగితే బంతి మధ్యలో తాకాలనుకున్నప్పుడు కూడా తేడాగా తాకుతుంది, అది మీకు కంటితో తెలియదు కూడా.

గేజ్ కూర్చున్నాక 220తో నాలుగు చుట్లు తిప్పి ముతక గీతలు తీసేయండి. అంతకన్నా నున్నగా చేయొద్దు. చాక్ పట్టాలంటే పైభాగానికి సన్నని గరుకు ఉండాలి. ఈ దశలో అంచు దగ్గర నిలువు గోడ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు మిగిలితే టిప్‌కి మంచి ఆయుష్షు ఉన్నట్టు.

కొత్త టిప్, ముఖ్యంగా ఒంటి తోలుది, మొదటి కొద్ది గంటల ఆటలోనే దెబ్బలకు అణిగి కాస్త చదునవుతుంది, పక్కలు ఉబ్బుతాయి. అది లోపం కాదు. ఆ అణిగిన దాన్ని మరోసారి పక్కలు సరిచేసి, వంపు తీర్చి, మెరుగు పెట్టాకే టిప్ అసలు స్వభావం తెలుస్తుంది. మొదటి రోజు ఆటను బట్టి టిప్ బాగోలేదని తీసి పారేయకండి.

చాక్, రోజువారీ సంరక్షణ

1897లో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ పేటెంట్ తీసుకున్న చాక్‌తోనే ఈ కాలపు బిలియర్డ్స్ చాక్ మొదలైంది. పేరుకి చాక్ అంటాం గానీ అందులో సుద్ద లేదు. సిలికా, కోరండం లాంటి గరుకు పదార్థాలే ఉన్నాయి. దాన్ని టిప్ మీద పెట్టి బరమా తిప్పినట్టు తిప్పితే మధ్యలో పేరుకుంటుంది, అంచులకు అంటదు. పైన లెక్కలో చూశాం, స్పిన్ కొట్టేటప్పుడు పనిచేసేది మధ్య నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలోని చోటు. కాబట్టి చాక్‌ను కుంచెలా పక్కలకు రాస్తూ, క్యూ తిప్పుతూ, పూత పలుచగా అంతటా పరచాలి.

పైభాగం నున్నగా మెరిసి చాక్ రాలిపోతుంటే స్కఫర్ అనే గరుకు పనిముట్టుతో రెండు మూడుసార్లు తేలిగ్గా గీకండి. సూదులున్న టిప్ పిక్ ఒంటి తోలు టిప్‌లకు బాగుంటుంది. పొరల టిప్‌ల మీద అదే పనిగా గుచ్చితే పొరలు విడే ప్రమాదముంది, మెల్లగా అద్దడంతో సరిపెట్టండి. ప్రతి గేమ్‌కి ముందు గీకే అలవాటు మాత్రం మానుకోవాలి. బంతులు కొట్టి అరిగే తోలు కన్నా గీకి పోగొట్టే తోలే ఎక్కువగా ఉంటుంది అలాంటివాళ్లకి. వారానికోసారి గేజ్ పెట్టి చూసి, వంపు తగ్గితేనే చెక్కడం సరైన పద్ధతి.

నిలువు గోడ ఒక మిల్లీమీటరు కన్నా తగ్గితే టిప్ మార్చేయండి. ఇంకా వాడితే గట్టి దెబ్బలు నేరుగా ఫెర్రూల్‌కి తగిలి అది పగులుతుంది. టిప్ మార్పించే ఖర్చుకీ ఫెర్రూల్ మార్పించే ఖర్చుకీ చాలా దూరం. ఒక పక్క పొర లేచినా, కొట్టినప్పుడు చప్పుడు ఉన్నట్టుండి బోలుగా మారినా మార్చాల్సిందే.

టిప్ మధ్య ఆటలో ఊడిపోతే పారేసే ముందు అడుగుభాగం చూడండి. జిగురంతా టిప్‌కే అంటుకుని ఫెర్రూల్ నున్నగా ఉంటే ఫెర్రూల్‌ని సరిగా శుభ్రం చేయలేదని, గరుకు చేయలేదని అర్థం. జిగురు ఫెర్రూల్ మీదే ఉండి టిప్ అడుగు నున్నగా ఉంటే టిప్ వైపు రుద్దడం చాలలేదు. జిగురు మధ్యలో మాత్రమే అంటి చుట్టూ ఖాళీగా ఉంటే రెండింట్లో ఒకటి చదునుగా లేదు. ఫెర్రూల్ మీద తోలు పీచులు మిగిలాయంటే జిగురు గట్టిగానే పట్టింది, తోలే చిరిగింది. అది ఆ టిప్ లోపం, కొత్తది వేసుకోవడమే.